నేల నేర్చుకున్న నడక

సాయంత్రం అయిదున్నరకు, ఎర్రగట్టు మీది ఎండ పసుపుపచ్చగా తిరిగే వేళకు, అటవీశాఖ క్వార్టర్సు వెనక కంచె వారగా మద్దిలేటి నడిచి పోయేవాడు. మనిషి కాదు, నడక మాత్రమే. ముందు కుడికాలు ధబ్బున పడేది. దాని వెంబడే ఎడమకాలు కొంచెం ఈడ్చినట్టు సర్రుమనేది. ఎనిమిదో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూట్లిచ్చారు డిపార్ట్‌మెంటు వాళ్ళు. ముందు భాగంలో గుడ్డపీలికలు కుక్కుకుని నాలుగేళ్ళు నడిచాడు. ఆ వదులు బూటు చప్పుడును పెంచలమ్మ నిద్రలో కూడా గుర్తుపడుతుంది. మనిషి పోయి పది నెలలైంది. బూట్లు అటక మీద ఉన్నాయి. చప్పుడు మాత్రం ఒక్క పూట తప్పకుండా వస్తూనే ఉంది.

ఆ వేళకు పెంచలమ్మ ఏ పనిలో ఉన్నా ఆపేసేది. బియ్యం కడుగుతుంటే చేతులు నీళ్ళలోనే ఉంచుకుని వినేది. కంచె ఈ మూల నుంచి ఆ మూలకు నూట పద్నాలుగు అడుగులు. తర్వాత గట్టెక్కే దారిలో పడి మెల్లగా వినపడకుండా పోయేవి. నాలుగేళ్ళ కూతురు లిఖిత మాత్రం కుదురుగా ఉండేది కాదు. గేటు కమ్ముల మధ్య మొహం ఇరికించి, కనపడని మనిషిని తల తిప్పుతూ సాగనంపేది.

“నాయన పోతాండాడమ్మా. ఇంట్లోకి రాడేమి?”

“అడవికి పోయినాడులేమ్మా” అనేది పెంచలమ్మ.

పది నెలలుగా అదే జవాబు. పోయినాడు అంటే ఊళ్ళో పెద్దవాళ్ళకు ఒక తీరుగా అర్థమవుతుంది, నాలుగేళ్ళ పిల్లకు ఇంకో తీరుగా. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. పిల్లకు ఎప్పుడు చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని రోజూ గుండెల్లో పీకుతూనే ఉండేది. రేపు చూద్దాంలే అనుకుని ఆ మాట చాటునే రోజులు నెట్టుకొచ్చింది.

ఆ నడకను నేర్చిన గూటాలు బీటు దారిలో దిగిన కొత్తల్లో సంసారం ఎంత కళగా ఉండేదో తలుచుకుంటే పెంచలమ్మకు ఇప్పటికీ నోట్లో పాలపండ్ల తీపి తగులుతుంది. అప్పటికి పాపకు ఏడాది నిండలేదు. మద్దిలేటి తాను గార్డుగా కాపలా కాసే బీటు నుంచి ఏనాడూ వట్టి చేతులతో వచ్చేవాడు కాదు. ఖాకీ చొక్కా జేబులో నాలుగు పాలపండ్లో, బిక్కిపండ్లో ఉండేవి. జేబుకు పడిన మరకలు ఉతికీ ఉతికీ ఆమె వేళ్ళు నొప్పులు పుట్టేవి. వాటి కోసం ఆగే ఆలస్యమవుతుందేమో అని సణిగేది కూడా. ఏడు గంటలకు ముందు ఆయన ఇల్లు చేరిన రోజు లేదు.

పట్నంలోని ప్రయోగశాల నుంచి సువర్చల మేడమ్ జీపు దిగింది ఆ ఎండాకాలంలోనే. ఆమె వచ్చింది కలివికోడి కోసం. ఆ పిట్ట పగలు కనపడదు, చీకట్లో తిరుగుతుంది, పొదల నీడకూ దానికీ తేడా తెలియదు. కంటికి ఆనని పిట్టను చెవికైనా అందుకుందామని బొటనవేలంత గూటాలు చేయించి తెచ్చింది. బీటు దారి వెంబడి పది అడుగులకొకటి చొప్పున భూమిలో దిగగొట్టించింది. మేకులు పట్టుకుని ఆమె వెనక నడిచింది మద్దిలేటే. నెల తిరిగేసరికి గూటాలు పిట్ట అడుగును పట్టుకున్నాయి. ఆ తర్వాత మేడమ్ ఇంకొకటి కనిపెట్టింది. నేల ఏ బరువుకు ఎట్లా అదిరిందో గుర్తుపెట్టుకుని, ఆ గూటాలు మళ్ళీ అట్లాగే నేలను అదిరించగలవు.

కొండకు అవతలి పక్క ముగ్గురాయి దొంగతనంగా తవ్వేవాళ్ళు. ట్రాక్టరు ఒకసారి వచ్చిపోతే అరెకరం కలివిపొద లేచిపోయేది. పొదతో పాటు పిట్ట గూడు, కుందేటి బొరియ, ఉడుము పుట్ట అన్నీ మట్టిలో కలిసేవి. అంత పెద్ద బీటుకు కాపలా ఒక్క మనిషి. ఆయన ఈ కొసన ఉంటే వాళ్ళు ఆ కొసన దిగేవాళ్ళు. అందుకని మేడమ్ మద్దిలేటిని పదిహేడు రోజులు అదే దారిన నడిపించింది. పద్దెనిమిదో రోజు పెళ్ళాం బిడ్డలను కూడా రమ్మని ఆయన గట్టు మీద బండ మీద కూర్చోబెట్టాడు. కాసేపటికి ఎదురుగా, ఎవరూ లేని దారిలో, ఆయన నడకే ఆయన ముందు నుంచి నడుచుకుంటూ పోయింది. పెంచలమ్మ పాపను గట్టిగా కరుచుకుంది.

“నాకంటే వాడే నయం మేడమ్. బీడీ కోసం ఆగడు” అన్నాడు మద్దిలేటి.

“టయానికి కొంపకన్నా చేరతాడేమో అడుగు” అంది పెంచలమ్మ. మేడమ్ కడుపుబ్బ నవ్వింది.

తర్వాత పక్క బీట్లలో కూడా గూటాలు దిగగొట్టించి, మేడమ్ గార్డులందరికీ ఒక పద్ధతి చెప్పింది. బీటు మొదట్లో ఉన్న గూటం పక్కన నిలబడి, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక మాట చెప్పాలి. తిరిగొచ్చేవాడయితే పోయొస్తా అనాలి. బదిలీ మీదో, రిటైరయ్యో ఇక రానివాడయితే పోతాండా అనాలి. పోయొస్తా అన్నవాడు తిరిగొచ్చి వచ్చినా అనేదాకా, ఆయన అడవిలో ఎక్కడున్నా, ఆయన బదులు నేల నడుస్తూనే ఉంటుంది. గార్డు ఎక్కడున్నాడో దొంగలకు అంతు దొరకకూడదని ఈ ఏర్పాటు. అందరూ సరేనన్నారు.

వానల నెలలో ఒక ఉదయం మద్దిలేటి మొదటి గూటం దగ్గర పోయొస్తా అని చెప్పి గట్టెక్కాడు. కొత్తగా తవ్విన గోతి మీద కొమ్మలు కప్పి పెట్టారు తవ్వేవాళ్ళు. వాళ్ళ ట్రాక్టరు వెంట పరుగెత్తుతూ అందులో పడ్డాడు. మర్నాడు గాని మనిషి దొరకలేదు. మూడో రోజు సాయంత్రం, ఇంటి నిండా జనం ఉండగానే, కంచె వారగా నడక వచ్చింది. ఏడుస్తున్న ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో కర్పూరం వెలిగించారు. సెక్షన్ ఆఫీసరు హుస్సేన్ బాషా ఒక్కడే బయటికి వెళ్ళి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, ఇది గూటాల పని, భయపడొద్దని అందరికీ చెప్పాడు.

ఆ నడక ఎందుకు ఆగలేదో అప్పుడు ఎవరూ వెతకలేదు. వెతకాలని కూడా ఎవరికీ లేదు. మద్దిలేటి చచ్చి కూడా డ్యూటీ దిగలేదని అవతలి పక్క కూలీలు చెప్పుకుంటున్నారట. ఆరు నెలలుగా ఎర్రగట్టు మీదికి ఒక్క ట్రాక్టరూ రాలేదని బాషా చెప్పినప్పుడు పెంచలమ్మకు ఏడుపూ గర్వమూ కలిసి వచ్చాయి. బాషా దయవల్లే సెక్షన్ నర్సరీలో మొక్కలకు నీళ్ళు పోసే పని, క్వార్టర్సులో ఉండే వీలు దొరికాయి. సాయంత్రం ఆ నూట పద్నాలుగు అడుగులు ఎట్లాగూ ఉన్నాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నర్సరీలో ఎర్రచందనం మొక్కల సంచులు తిరగేస్తూ ఉండగా నడక వినిపించింది. పగలు కూడా రెండుసార్లు వస్తుంది కాబట్టి తలెత్తలేదు. చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేసరికి గేటు గడియ తీసి ఉంది. లోపల పాప లేదు. దొడ్లో లేదు. నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి వెతికింది. లేదు.

ఆమె కేకలు విని వచ్చిన బాషా మోటారుసైకిలు తీసి రోడ్డు వైపు పోబోయాడు. పెంచలమ్మ కేకేసి ఆపింది. పాప రోడ్డుకు పోదు. నాయన యాడికి పోతే ఆడికి పోతుంది.

ఇద్దరూ గట్టెక్కారు. ఎక్కడో ముందు ధబ్బు, సర్రు, ధబ్బు, సర్రు. ఆ చప్పుడు వెంబడి పెంచలమ్మ ముళ్ళూ రాళ్ళూ చూడకుండా పరుగెత్తింది. మలుపు తిరిగాక చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అక్కడ మద్దిలేటి పడిన గొయ్యి దారిని అడ్డంగా కోసేసింది. అక్కడి నాలుగు గూటాలూ ఏనాడో మట్టితో పాటు లేచిపోయాయి. గొయ్యి పూడ్చమని రాసిన కాగితాలు ఏ బల్ల మీద ఆగాయో, గొయ్యి మాత్రం అట్లాగే నోరు తెరుచుకుని ఉంది. ఆ అంచున, లోపలికి కాళ్ళు వేలాడేసుకుని, లిఖిత కూర్చుని ఉంది.

పెంచలమ్మ పిలవలేదు. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందని భయం. వెనక నుంచి పాకుతూ పోయి రెండు చంకల కింద చేతులేసి వెనక్కి లాక్కుంది.

“నాయన ఇందులోకి దిగినాడమ్మా” అంది పాప తాపీగా. “నేనూ దిగుదామనుకున్నా. లోతుండాదని ఆగినా. పిలిస్తాండా, పలకడం లే.”

బాషా అటు తిరిగి నిలబడ్డాడు. గోతికి అవతల ఎక్కడో నడక మళ్ళీ మొదలై, తన దారిన తాను పోతోంది. పెంచలమ్మకు ఆ క్షణాన మొగుడి మీద, బతికుండగా ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే సెక్షన్ ఆఫీసుకు పోయి, ఆపించండి సార్ అంది. బాషా గోడ మీది బీట్ల పటం చూపించాడు. బీటు ఖాళీగా ఉందనీ, కొత్త గార్డును వెయ్యలేదనీ, మూడు బీట్లు తానొక్కడే చూస్తున్నాననీ, నడక ఆగిందని తెలిసిన వారానికి ట్రాక్టర్లు దిగుతాయనీ చెప్పాడు. గట్టు మీద మిగిలింది ఆ కాస్త కలివిపొదే, ఆ కొద్ది పిట్టలే అన్నాడు. చెప్పి, నీ బిడ్డ కంటే ఎక్కువేమీ కాదులేమ్మా అని మేడమ్‌కు ఫోను చేశాడు.

సువర్చల మేడమ్ రెండో రోజుకు వచ్చింది. ఆఫీసులో యంత్రం తెరిచి, గూటాల్లో ఎవరెవరి నడక ఉందో జాబితా చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. పక్క బీటులో రెండేళ్ళ కిందట రిటైరైన పిచ్చిరెడ్డి ఇంకా నడుస్తున్నాడు. రాయచోటి వైపు బదిలీ మీద వెళ్ళిన నాగమల్లు నడుస్తున్నాడు. ఉద్యోగం మానేసి ఆటో కొనుక్కున్నవాడు కూడా నడుస్తూనే ఉన్నాడు.

“ఒక్కరు కూడా పోతున్నా అని చెప్పలేదేంటి బాషా గారూ? అంత వివరంగా చెప్పాను కదా అప్పుడు.”

“ఎవరంటారు మేడమ్ ఆ మాట?” అన్నాడు బాషా. “గడప దాటేవాడు నోటితో పోతాండా అని ఎట్లంటాడు? రేపు నేను రిటైరైనా పోయొస్తా అనే అంటా.”

మేడమ్ జాబితా మీద వేలు ఆపింది. ఊరు వదిలి ఇరవై ఏళ్ళయినా తాను కూడా అక్కడికి పోయిన ప్రతిసారీ వెళ్ళొస్తా అనే బయల్దేరుతుందని గుర్తొచ్చిందో ఏమో. యంత్రం అంతా సరిగ్గా చేశాను, ఆ ఒక్క మాట మాత్రం మన మనుషులెవరూ అనలేనిది పెట్టాను అని చిన్నగా గొణుక్కుంది.

గట్టు కాపలా పోకుండా ఇప్పుడు చెయ్యగలిగింది ఒకటే. ఎర్రగట్టు దారికి కొత్త నడక నేర్పాలి. నడిచేవాళ్ళు మొదటి గూటం దగ్గర పాత మనిషి పోయాడని చెప్పి, తమ పేరు చెప్పి, పదిహేడు రోజులు నడవాలి. కొత్త నడక ఎక్కేకొద్దీ పాతది చెరిగిపోతుంది. ఒక దారికి ఒక నడకే పడుతుంది.

ఆయనది ఇంకెక్కడన్నా దాచిపెట్టలేరా అని పెంచలమ్మ అడిగింది. కనీసం ఆ కంచె పక్కది.

“దాచడానికి అది పాట లాంటిది కాదమ్మా. అక్కడి మట్టికి ఆయన బరువు తెలుసు, అంతే. గూటం పెరికి వేరే చోట పెడితే ఏమీ ఉండదు” అంది మేడమ్. తర్వాత, నువ్వు వద్దంటే వద్దు, గేటుకు తాళం వేసుకుని పాపను జాగ్రత్తగా చూసుకోవచ్చు, ఆలోచించుకో అంది.

పెంచలమ్మ ఆలోచించింది. తాళం వెయ్యవచ్చు. పిల్ల పెరుగుతుంది, తాళం తీయడం నేర్చుకుంటుంది. నడక పెరగదు, ముసలిదవదు, అలసిపోదు. ఏదో ఒకనాడు మళ్ళీ పిలుస్తుంది. ఆపేస్తే గట్టు పోతుంది. ఆయన ప్రాణం పెట్టింది ఆ గట్టు కోసమే.

“నేను నడుస్తా” అంది.

కాపలా వాచరుగా రాసుకోవచ్చులే గాని, పాపను ఎవరు చూస్తారని బాషా అడిగాడు. అత్తగారు లేరు, పుట్టింటి వాళ్ళు దూరం. ఆ గోతి అంచు చూసిన తర్వాత పాపను ఒక్క గంటైనా ఎవరి చేతిలోనూ పెట్టే ధైర్యం ఆమెకు లేదు.

“నా సంకలో ఉంటాది” అంది.

మర్నాడు తెల్లారగానే మొదటి గూటం పక్కన నిలబడింది. పాప సంకలో ఉంది. మేడమ్, బాషా నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. పది నెలలుగా చాటున దాక్కున్న మాటే, ఇప్పుడు దాక్కోవడానికి చోటు లేకుండా ఎదురుగా నిలబడింది. పాప చెంప పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“మద్దిలేటి పోయినాడు” అంది. “మీ నాయన పోయినాడు లిఖితా. గోతిలో పడి సచ్చిపోయినాడు. ఇంగ రాడు.”

పాప ఆమె మొహం వంక చూసింది. గోతిలో ఇప్పుడు లేడా అంది. లేడంది పెంచలమ్మ. సమాధి చూపిస్తానంది. పాప తల్లి భుజం మీద తల ఆనించి, జాకెట్టు తడిసేదాకా ఏడ్చింది. ఆ ఏడుపుతోనే పెంచలమ్మ మొదటి అడుగు వేసింది.

మొదటి వారం ఆయన నడక ఆమెకు ముందు నడిచింది. దారి చూపించింది అదే. వాగు దిగేచోట ఏ రాయి మీద కాలు వెయ్యాలో, ముళ్ళదారిని ఎటునుంచి చుట్టాలో చప్పుడును బట్టి తెలుసుకుంది. గోతి దగ్గర బాషా వేయించిన రాళ్ళ కట్ట పక్కగా కొత్త దారి పడింది, కొత్త గూటాలు పడ్డాయి. ఒకచోట ఆయన నడక ప్రతిసారీ ఆగేది. పొద లేదు, పండ్ల చెట్టు లేదు, వట్టి బండ. బీడీ కోసం అయ్యుంటుందని మొదట నవ్వుకుంది. నాలుగో రోజు తానూ ఆగి, ఆయన నిలబడిన చోటే నిలబడి, ఆయన చూసిన వైపే చూసింది. కింద చెట్ల సందులో క్వార్టర్సు పెరడు కనిపించింది. బట్టలారేసిన తీగ, పొయ్యి పొగ, నీళ్ళ తొట్టి. ఇంటి దగ్గర మనుషులు మసిలితే తెలుస్తుంది. లెక్కపెడితే అక్కడ ఆయన ఆగేది ఇంచుమించు పావుగంట. నాలుగేళ్ళు రోజూ, ఆలస్యంగా వచ్చినందుకు ఆమె చేత తిట్లు తినే ముందు, ఇక్కడ నిలబడి ఆమెనే చూసుకున్నాడు. ఆ మాట ఒక్కనాడూ చెప్పలేదు. ఒక్కటంటే ఒక్కసారి చెప్పి ఉంటే ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకునేది కదా అనుకుని, పాప చూడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పదో రోజుకు ఆయన చప్పుడు పలచబడింది. ధబ్బు వినిపిస్తే సర్రు వినిపించేది కాదు. పద్నాలుగో రోజుకు వాగు దగ్గర మాత్రమే, అదీ గాలి లేనప్పుడు. ఆమె కావాలని నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా నడిచినా నడిచినట్టే, ఆమె కాలు పడినచోటల్లా ఆయన మరికాస్త చెరిగిపోయాడు. పదిహేడో రోజు కంచె మూల మలుపులో ఒక్క అడుగు వినిపించింది. ఎడమకాలిది. పెంచలమ్మ కాలెత్తి అట్లాగే నిలబడిపోయింది. అక్కడ కాలు వెయ్యకుండా దాటిపోవచ్చు. ఎవరూ చూడటం లేదు. కానీ ఆ ఒక్క అడుగు చాలు, మళ్ళీ గేటు దగ్గర ఒక పిల్ల నిలబడటానికి. కళ్ళు మూసుకుని కాలు దింపింది.

ఆ మరుసటి వారం అవతలి పక్క ఒక ట్రాక్టరు గట్టు మొదలు దాకా వచ్చి ఆగిందట. ఇంజను ఆపి విన్నారట. మద్దిలేటిది కాదు, ఇది కొత్త మనిషిది, బరువైన మనిషిదని చెప్పుకుని వెనక్కి తిప్పుకున్నారట. బాషా ఆ కబురు చెప్పి, ఎవరో బస్తా మోసే మొనగాడు దిగినాడనుకుంటాండారు అని నవ్వాడు. బరువు సంగతి పెంచలమ్మకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం వాకిట్లో పాపకు అన్నం కలిపి పెడుతోంది. ఎండ పసుపుపచ్చగా తిరిగింది. కంచె వారగా నడక మొదలైంది. పాప గేటు దగ్గరికి పరుగెత్తలేదు. నోట్లో ముద్ద నములుతూ, తల పక్కకు వంచి వింది.

“ఇది నువ్వు” అంది.

“నేనేనమ్మా.”

“మరి నేను యాడుండా?”

పెంచలమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది. అన్ని రోజులు నడిచింది గాని, తన నడకను తాను ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు వింది. కుడికాలు తేలిగ్గా పడుతోంది. ఎడమకాలు మాత్రం పడిన ప్రతిసారీ నేలలోకి కొంచెం ఎక్కువగా దిగుతోంది, ఆ పక్క ఎవరినో మోస్తున్నట్టు. పిల్ల రేపు బడికి పోతుంది, ఎల్లుండి తన ఎత్తు దాటుతుంది, ఆ తర్వాత ఎత్తుకుంటానన్నా సిగ్గుపడుతుంది. ఎర్రగట్టు మట్టికి అదేమీ తెలియదు.

“విను, ఈ కాలు” అంది, పాప మోకాలి మీద తడుతూ. “బరువుగా పడతాంది సూడు. ఇట్నే నా సంకలో ఉండావు.”

పాప విన్నది. ఒక అడుగు, ఇంకొక అడుగు. మెల్లగా దాని పెదవులు విచ్చుకున్నాయి. తల్లీబిడ్డల నడక కంచె మూల తిరిగి, గట్టెక్కే దారిలో పడి, పొదల్లోకి పోయింది.